ఒకే ధరకు ఉక్కు: విధానాల లెక్కలో మన కొండ జిల్లాలు

(రాయగడలో తెలుగు శ్రోతల సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

పెద్దలందరికీ, అక్కచెల్లెళ్ళకీ అన్నదమ్ములకీ నమస్కారం. వెనక నిలబడ్డ కాలేజీ పిల్లలూ, ముందు వరసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఇవాళ లెక్కలు ఎక్కువగా చెప్తాను. నిలబడి వినడం కష్టం.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వ విధానాల వల్ల పరిశ్రమలు ఎలా పెరిగాయో చెప్పమన్నారు. ప్రణాళికల పేర్లు, తేదీలు మీకు పాఠాల్లో ఉంటాయి. వాటిని త్వరగా దాటేస్తాను. విధానం అనేది కంటికి కనబడే చోట్లు వేరే ఉన్నాయి. గూడ్సు కిరాయి పట్టిక, ఫర్నేసుకి వచ్చే కరెంటు, అడవిలో వెదురుకి కట్టే రుసుము, గని రాయల్టీ రేటు. ఫ్యాక్టరీ మన ఊళ్ళో లేస్తుందా, వెయ్యి కిలోమీటర్ల అవతల లేస్తుందా అన్నది అక్కడే తేలిపోతుంది. మన జిల్లాని చూస్తే ఈ సంగతి ఏ పుస్తకం కన్నా బాగా తెలుస్తుంది.

1947 నాటికి దేశంలో ఉక్కు చేసే పెద్ద కార్ఖానాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. జంషెడ్‌పూర్, బర్న్‌పూర్, మైసూరు సంస్థానంలో భద్రావతి. లేత్ మిషను కావాలన్నా, బాయిలర్ కావాలన్నా ఓడలో రావాల్సిందే. 1948 ఏప్రిల్‌లో మొదటి పారిశ్రామిక విధాన తీర్మానం వచ్చింది. 1951లో పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం చేసి, 1952 మే నుంచి అమలు చేశారు. 1956 ఏప్రిల్ 30న రెండో తీర్మానం. అందులో 17 పరిశ్రమలు పూర్తిగా ప్రభుత్వ బాధ్యత, ఇంకో 12 ప్రభుత్వం క్రమంగా చేపట్టేవి, మిగతావి ప్రైవేటు వాళ్ళకి. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ గారి ఆలోచనతో రెండో ప్రణాళిక బరువు పరిశ్రమల వైపు తిరిగింది. యంత్రాలు చేసే యంత్రాలు ముందు మన దగ్గర ఉంటే, మిగతావన్నీ మనమే చేసుకోగలం అన్నది అందులో సారం. ఆ రోజున ఆ నిర్ణయం తీసుకోవడం తప్పు కాదని నా గట్టి నమ్మకం. తప్పులు తర్వాత, అమలులో వచ్చాయి.

మన ఒడిశాకి దక్కింది రూర్కెలా. జర్మన్ సాంకేతిక సహాయంతో కట్టారు. 1959 ఫిబ్రవరి 3న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. అదే రెండో ప్రణాళికలో రష్యా సాయంతో భిలాయ్, బ్రిటన్ సాయంతో దుర్గాపూర్. భిలాయ్‌కి పట్టాలు, గడ్డర్లు అప్పజెప్పారు. రూర్కెలాకి రేకులు, ప్లేట్లు. దీన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. ట్రంకు పెట్టె, బీరువా, డ్రమ్ము, బకెట్టు, సైకిలు మడ్‌గార్డు, ఇవన్నీ రేకుతోనే తయారవుతాయి. రేకు చేసే కార్ఖానా మన రాష్ట్రంలో ఉంది. మరి రేకుతో వస్తువులు చేసే ఊళ్ళు ఎక్కడ లేచాయి?

దీనికి జవాబు రవాణా ఖర్చుల సమానీకరణలో ఉంది. 1950లలో మొదలైన పద్ధతి ఇది. ఉక్కుకి 1992 జనవరి దాకా నడిచింది. సిమెంటుకీ ఇలాంటి ఏర్పాటే ఉండేది. ఎలా పనిచేసేదో చెప్తాను. లెక్క సులువుగా ఉండడానికి అంకెలు నేను వేసుకున్నవి.

ఫ్యాక్టరీ గేటు దగ్గర టన్ను రేకు ధర 1000 రూపాయలు అనుకోండి. గేటు పక్కనే ఉన్న షెడ్డుకి చేర్చడానికి కిరాయి 20. మన రాయగడ గూడ్సు షెడ్డుకి 100. లుధియానాకి 240. మామూలుగా అయితే గేటు పక్కవాడు 1020కి, మనం 1100కి, లుధియానా వాడు 1240కి కొనాలి. సమానీకరణలో ఏం చేశారంటే, దేశం మొత్తం మీద సగటు కిరాయి కట్టారు. అది 120 అనుకుందాం. అందరి బిల్లులోనూ ఆ 120 కలిపి, ఏ రైల్వే స్టేషన్లో దించుకున్నా టన్ను 1120 అన్నారు. దగ్గరవాడి దగ్గర ఎక్కువ తీసుకున్న 100 రూపాయలు ఒక నిధిలో పడతాయి. దూరం వాడి కిరాయిలో తక్కువ పడ్డ 120 ఆ నిధిలోంచి పోతుంది. మొదట్లో ఇనుము, ఉక్కు కంట్రోలరు చూసేవారు. 1964 నుంచి పెద్ద ఉక్కు కార్ఖానాల ఉమ్మడి సంఘం, జాయింట్ ప్లాంట్ కమిటీ, ఈ లెక్కలు నడిపింది.

ఇప్పుడు రేకు పెట్టెలు చేసే వ్యాపారి కళ్ళతో చూడండి. చదును రేకులు ఒక వేగన్లో పదుల టన్నులు పడతాయి. అదే రేకుని డ్రమ్ములుగా చేస్తే, ఆ వేగన్లో పట్టేది అందులో చిన్న వంతు. మిగతాదంతా గాలి. ఖాళీ డ్రమ్ముల్ని దూరం పంపడమంటే గాలికి కిరాయి కట్టడమే. కాబట్టి ఇలాంటి సరుకు చేసేవాడికి ఎప్పుడూ కొనేవాళ్ళ దగ్గర షెడ్డు వేసుకోవాలనే ఉంటుంది. అతన్ని రూర్కెలా వైపు లాగగలిగే బలం ఒక్కటే, చవక రేకు. ఆ ఒక్క బలాన్నీ సమానీకరణ తీసేసింది. అతను పెద్ద మార్కెటు ఉన్న ఊరికి, వర్క్‌షాపులు, బ్యాంకులు, విడిభాగాలు అప్పటికే ఉన్న ఊరికి పోయాడు. పోవడంలో అతని తప్పేమీ లేదు, లెక్క అలా ఉంది.

ఇంకో అన్యాయం ఉంది. మన ఉక్కు అందరికీ ఒకే ధరకి వెళ్ళింది గానీ, పత్తికి ఆ నియమం లేదు. విదర్భ పత్తి ఇక్కడికి తెచ్చుకుని మిల్లు పెట్టాలంటే పూర్తి కిరాయి మనమే కట్టుకోవాలి. బొగ్గు విషయంలోనూ రైల్వే రేట్లు టెలిస్కోపిక్ పద్ధతిలో ఉండేవి. అంటే దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకి పడే రేటు తగ్గుతుంది. తాల్చేరు బొగ్గు గనుల పక్కన ఉన్నవాడికి దక్కాల్సిన లాభం అక్కడా కొంత కరిగిపోయింది.

న్యాయంగా రెండో వైపూ చెప్పాలి. ఈ పద్ధతి లేకపోతే కోయంబత్తూరు పంపుసెట్లు అంత తొందరగా ఊరూరికీ వచ్చేవి కావేమో. గనులు లేని తమిళనాడు, పంజాబు, గుజరాత్‌లలో చిన్న ఇంజినీరింగ్ షాపులు వేలల్లో లేచాయంటే దీని సాయం ఉంది. దేశమంతటా పరిశ్రమ పెరగాలన్న ఉద్దేశం మంచిదే. అయితే ఆ ఉద్దేశానికి ఖర్చు పెట్టుకున్నది గనులున్న రాష్ట్రాలు. వాటికి బదులుగా ఏమిస్తారన్నది ఎక్కడా రాయలేదు. 35 ఏళ్ళు ఒక ప్రాంతంలో షాపులు, మేస్త్రీలు, అనుభవం పోగుపడితే, 1992లో ఆ నిబంధన తీసేసినంత మాత్రాన అవి తిరిగి ఇటు రావు.

ఇక ఆ రోజుల్లోని లైసెన్సు. కొత్త ఫ్యాక్టరీ పెట్టాలన్నా, ఉన్నదాని సామర్థ్యం పెంచాలన్నా, కొత్త వస్తువు చేయాలన్నా, వేరే ఊరికి మార్చాలన్నా ఢిల్లీ అనుమతి. చట్టం ప్రకారం కరెంటుతో నడిచే చోట 50 మంది, కరెంటు లేని చోట 100 మంది పనివాళ్ళుంటే అది ఫ్యాక్టరీ కింద లెక్క. దరఖాస్తు పరిశ్రమల శాఖకి వెళ్తుంది. సాంకేతిక పరిశీలన డీజీటీడీ, అంటే కేంద్రం వారి సాంకేతికాభివృద్ధి విభాగం చేస్తుంది. లైసెన్సింగ్ కమిటీ ఒప్పుకుంటే ముందు లెటర్ ఆఫ్ ఇంటెంట్, అంటే లైసెన్సు ఇస్తామన్న మాట కాగితం వస్తుంది, అసలు లైసెన్సు తర్వాత. విదేశీ మిషను కావాలంటే, అది దేశంలో దొరకదని మళ్ళీ డీజీటీడీ ఒప్పుకోవాలి. క్యాపిటల్ గూడ్స్ కమిటీ ఒప్పుకోవాలి. ఆపైన దిగుమతి లైసెన్సు. షేర్లు అమ్మాలంటే క్యాపిటల్ ఇష్యూల కంట్రోలరు. 1970 తర్వాత పెద్ద సంస్థలకి గుత్తాధిపత్య చట్టం కింద ఇంకో అనుమతి.

ఈ మెట్లలో ప్రతిదానికీ అప్పట్లో కారణం ఉంది. 1957 నాటికి విదేశీ మారకం అడుగంటింది. యుద్ధకాలంలో పోగైన స్టెర్లింగ్ నిల్వలు మిషన్లు కొనడంలో కరిగిపోయాయి. ఉన్న కాసిని డాలర్లని దేనికి వాడాలో ఎవరో ఒకరు తేల్చాలి కదా. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, కరువు కాలానికి పెట్టుకున్న కొలత శాశ్వతమైపోయింది. ఢిల్లీలో ఏడాది పాటు మనిషిని పెట్టి ఫైలు వెంట తిరిగే స్తోమత పెద్ద వ్యాపార కుటుంబాలకే ఉంటుంది. వాళ్ళు లైసెన్సులు ముందే తీసుకుని ఫ్యాక్టరీ కట్టకుండా ఉంచుకుంటున్నారని, దానివల్ల ఇంకొకరికి దారి మూసుకుపోతోందని 1969లో లైసెన్సుల తీరు పరిశీలించిన దత్ కమిటీ చెప్పింది. రాయగడలోనో, గుణుపూర్‌లోనో ఉన్న మిల్లు యజమాని ఆ పోటీలో ఎక్కడ నిలబడతాడు? చిన్నవాళ్ళకి కొంత ఊరటగా 1970లో కోటి రూపాయల లోపు, 1978లో 3 కోట్ల లోపు పెట్టుబడికి లైసెన్సు అక్కర్లేదన్నారు. 1991 జులై 24న 18 పరిశ్రమలకి తప్ప మిగతా అన్నిటికీ ఎత్తేశారు.

ఇప్పుడు కరెంటు సంగతి. ఇది కాస్త దగ్గరగా చూడాల్సిన విషయం.

మాచ్‌ఖండ్ మీకందరికీ తెలుసు. కోరాపుట్ జిల్లాలో ఒనుకుదెల్లి దగ్గర పవర్‌హౌస్. 1955 ఆగస్టులో ప్రారంభమైంది. 17 మెగావాట్లవి మూడు, 21.25 మెగావాట్లవి మూడు, కలిపి 114.75 మెగావాట్లు. మొదటి ఒప్పందంలో ఆంధ్రకి 70 వంతులు, ఒడిశాకి 30 వంతులు. ఆ కరెంటు వాడుకునే ఫ్యాక్టరీలు అప్పుడు మన వైపు లేవు కాబట్టి అలా కుదిరింది. చాలా కాలానికి అది సగం సగం అయింది. నీళ్ళు ఈ కొండల్లోవే అయినా, వైర్లు ముందు అవసరం ఉన్న చోటికే వెళ్ళాయి.

కరెంటు కోసమే ఉండే పరిశ్రమ ఫెర్రో అల్లాయ్స్. 1960లలో మన తేరుబలిలో మొదలైంది. ఉక్కులో కలిపే సిలికాన్, క్రోమ్ మిశ్రమాలు ఇవి. టన్ను ఫెర్రో క్రోమ్ తీయడానికి సుమారు 4,000 యూనిట్ల కరెంటు కావాలి. టన్ను ఫెర్రో సిలికాన్‌కి 8,500 పైచిలుకు. ఫర్నేసులో నిలువుగా దిగే మూడు ఎలక్ట్రోడ్లు ఉంటాయి. ఒక్కోటీ పెద్ద గుండ్రటి స్తంభంలా ఉంటుంది. బయట ఉక్కు రేకు గొట్టం, లోపల బొగ్గుపొడి, తారు కలిపిన పేస్టు. పైన మెత్తగా వేసిన పేస్టు కిందికి జారేకొద్దీ ఫర్నేసు వేడికే కాలి గట్టిపడుతుంది. కింద అరిగిపోతూ ఉంటే, పై నుంచి కొద్దికొద్దిగా దించుతూ ఉంటారు.

కరెంటు నాలుగు గంటలు పోయిందనుకోండి. ఎరుపెక్కి ఉన్న స్తంభం బయటి వైపు ముందు చల్లబడుతుంది, లోపల ఇంకా వేడిగా ఉంటుంది. ఆ తేడాకి పగులు పుడుతుంది. కరెంటు వచ్చాక తొందరపడి ఒక్కసారే పూర్తి లోడ్ ఎక్కిస్తే, పగిలిన చోట ముక్క విరిగి ఛార్జిలో, అంటే ఫర్నేసులో వేసిన ముడిసరుకులో పడిపోతుంది. ఇంకా కాలని భాగం దగ్గర విరిగితే మెత్తటి పేస్టు కిందికి కారుతుంది, అది మరీ ప్రమాదం. అందుకే లోడ్‌ని మెట్లు మెట్లుగా, గంటల మీద పెంచుతారు. నాలుగు గంటల కోత అంటే ఉత్పత్తిలో నాలుగు గంటల నష్టం అనుకోకూడదు. ఒక్కోసారి రోజు, రెండు రోజులు పోతాయి. విద్యుత్ బోర్డు "గరిష్ఠ డిమాండులో ఇంత శాతం కోత" అని ఒక వాక్యం రాస్తే, ఇక్కడ స్తంభం విరుగుతుంది. ఇలాంటి ఫ్యాక్టరీలు సొంత పవర్ ప్లాంటు వైపు, అంటే బొగ్గు వైపు జరగడానికి ఇదే కారణం.

దామన్‌జోడి దగ్గరికి వద్దాం. ప్రభుత్వ అల్యూమినియం సంస్థ నాల్కో 1981 జనవరి 7న ఏర్పడింది. పంచపట్‌మాలి కొండ మీద బాక్సైటు, అక్కడినుంచి 14.6 కిలోమీటర్ల కన్వేయర్ బెల్టు మీద కిందికి దిగి రిఫైనరీకి వస్తుంది. మన బాక్సైటు మంచి రకం. ఎక్కువ ఒత్తిడి అక్కర్లేకుండా, 105 డిగ్రీల దగ్గరే కాస్టిక్ సోడాలో కరుగుతుంది. సుమారు 3 టన్నుల బాక్సైటుకి టన్ను అల్యూమినా, అంటే తెల్ల పొడి. ఎర్ర బురద ఇక్కడే ఉండిపోతుంది. పొడి విశాఖ రేవుకి, దాన్నుంచి అల్యూమినియం తీసే అంగుల్ స్మెల్టరుకి వెళ్తుంది.

(సభలోంచి ఒక ప్రశ్న: స్మెల్టరు కూడా ఇక్కడే పెట్టొచ్చు కదా, అంగుల్‌కి ఎందుకు తీసుకుపోయారు?)

మంచి ప్రశ్న. దీంట్లో రాజకీయం కన్నా లెక్క ఎక్కువ ఉంది. టన్ను అల్యూమినియం చేయాలంటే 2 టన్నుల పొడి, సుమారు 14,000 యూనిట్ల కరెంటు కావాలి. యూనిట్‌కి 700 గ్రాముల బొగ్గు వేసుకోండి, దగ్గర దగ్గర 10 టన్నుల బొగ్గు. ఇక్కడికి 10 టన్నుల బొగ్గు మోసుకురావడమా, బొగ్గు దగ్గరికి 2 టన్నుల పొడి పంపడమా? ఎవరు కట్టినా స్మెల్టరుని తాల్చేరు బొగ్గు పక్కనే కడతారు. అందుకే అంగుల్‌లో 120 మెగావాట్ల యూనిట్లు ఐదింటితో సొంత పవర్ ప్లాంటు కూడా పెట్టారు. ఆ పొడి దూరం కూడా మొదట్లో ఇంకా ఎక్కువ. కోరాపుట్-రాయగడ లైను 1990ల చివర వచ్చేదాకా కొత్తవలస దాకా దిగి, చుట్టు తిరిగి మళ్ళీ ఒడిశాలోకి రావాలి.

కాబట్టి స్మెల్టరు రాలేదని బాధపడకండి. బాధపడాల్సింది వేరే ఉంది. రిఫైనరీకి రోజూ కావాల్సిన పంపు విడిభాగాలు, వాల్వులు, బెల్టు రోలర్లు, గొట్టాల ఫ్యాబ్రికేషన్, వడపోత బట్టలు. వీటిలో ఎంత వంతు ఈ జిల్లాల్లో తయారవుతోంది? కోరాపుట్ దగ్గర సునాబెడలో 1960ల నుంచి ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ మిగ్ యుద్ధవిమానాల ఇంజన్లు చేస్తోంది. విమానం బాడీ నాసిక్‌లో, ఇంజన్ కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌లో అని కావాలనే విడదీసి పెట్టారు. మైక్రాన్లలో కొలిచే పని కొండ మీద ఇన్నేళ్ళుగా జరుగుతోంది. టౌన్‌షిప్పు గోడ దాటి ఆ నైపుణ్యం బయటికి రావాల్సినంత రాలేదు. పెద్ద ఫ్యాక్టరీ పెడితే చిన్నవి వాటంతట అవే పుట్టుకొస్తాయని నాటి విధానం నమ్మింది. అవి వాటంతట అవి పుట్టవు. వాటికి చిన్న షెడ్డు, చవక అప్పు, నమ్మకమైన ఆర్డరు ఒకే సమయంలో దొరకాలి.

కాగితం గురించి ఒక్క మాట. జేకే పూర్ మిల్లు 1962లో మొదలైంది. అప్పట్లో కాగితం మిల్లులకి వెదురుని ప్రభుత్వ అడవుల నుంచి లీజు మీద ఇచ్చేవారు. టన్ను కాగితానికి రెండు టన్నులకి పైగా వెదురు పోతుంది. 1988 జాతీయ అటవీ విధానం ఈ దారిని మూసింది. పరిశ్రమలు తమ ముడిసరుకుని రైతులతో నేరుగా పెంచుకోవాలంది. అప్పటినుంచే ఇటు రాయగడలో, అటు విజయనగరం, శ్రీకాకుళంలో నీలగిరి, సుబాబుల్, సరుగుడు తోటలు పెరిగాయి. ఒక విధాన పత్రంలోని మాట మెట్టపొలాల్లో పంటని మార్చేసింది. నాలుగైదేళ్ళకి కోతకి వస్తుంది, కూలీ తక్కువ. అయితే ధర చెప్పేది కొనేవాడే, కొనేవాళ్ళు ఇద్దరో ముగ్గురో. తోట వేసేముందు ఒప్పందం కాగితం మీద ఉండాలని రైతులకి నేను గట్టిగా చెప్తాను.

రాయల్టీ. 1957 గనుల చట్టం ప్రకారం పెద్ద ఖనిజాల రాయల్టీ రేటు కేంద్రం నిర్ణయిస్తుంది, డబ్బు రాష్ట్రానికి వస్తుంది. ఇనుప రాయికి చాలా కాలం టన్నుకి ఇన్ని రూపాయలు అని స్థిరంగా ఉండేది. అంతర్జాతీయ ధర ఎంత ఎగిరినా రాష్ట్రానికి అదే చిల్లర. 2009లో ధర మీద 10 శాతం అన్నారు, 2014లో 15 శాతం. 2015 సవరణతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. పాత లీజులవాళ్ళు రాయల్టీ మీద 30 శాతం, వేలంలో పొందినవాళ్ళు 10 శాతం ఆ నిధికి కట్టాలి. ఈ డబ్బు జిల్లాలోనే ఖర్చవ్వాలి. తాగునీరు, వైద్యం, చదువు లాంటి వాటికి కనీసం 60 శాతం అని 2015 మార్గదర్శకాల్లో ఉండేది, 2024లో దాన్ని 70 శాతం చేశారు. ఏ పంచాయతీకి ఏ పని మంజూరైందో కలెక్టరాఫీసులో అడిగి తెలుసుకోవడం మన హక్కు.

నియమగిరి సంగతి ఇక్కడ కూర్చున్న చాలామందికి నా కన్నా బాగా తెలుసు. ఆ కొండ మీద బాక్సైటు గని తవ్వాలా వద్దా అని 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలని అడగమంది. రాయగడ వైపు 7, కలహండి వైపు 5, మొత్తం 12 గ్రామసభలూ గని వద్దన్నాయి. లాంజిగఢ్ రిఫైనరీ బాక్సైటుని వేరే చోట్ల నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. గనిని నమ్ముకుని ముందు ఫ్యాక్టరీ కట్టేసి, జనాన్ని తర్వాత అడిగితే ఏమవుతుందో అక్కడ చూశాం.

(మరో ప్రశ్న: నాకు లేత్, డ్రిల్లింగ్, వెల్డింగ్ ఉన్న చిన్న వర్క్‌షాపు ఉంది. పెద్ద ఫ్యాక్టరీల ఆర్డరు ఎలా వస్తుంది?)

తమ్ముడూ, ఇది విని నాకు చాలా సంతోషంగా ఉంది. ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు చేయించు. ఖర్చు లేదు. ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్ళలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. అందులో ఎస్సీ, ఎస్టీల సంస్థలకి 4 శాతం, మహిళలవాటికి 3 శాతం. టెండరు ఫీజు, ధరావతు మినహాయింపు ఉంది. నీ ధర అందరికన్నా తక్కువ కాకపోయినా, తక్కువ కోట్ చేసిన పెద్ద సంస్థ ధర మీద 15 శాతం లోపు ఉంటే, ఆ ధరకి దిగి వస్తానంటే కొంత భాగం నీకిస్తారు. సరుకు తీసుకున్నాక 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 చట్టం. దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ. ఫెసిలిటేషన్ కౌన్సిల్లో ఫిర్యాదు చేయొచ్చు.

ఇంతవరకూ కాగితం. అసలు పని ఎక్కడ చెడుతుందో చెప్తాను, రాసుకో. పని బాగానే చేస్తారు, తనిఖీలో సరుకు వెనక్కి వస్తుంది. కొలత తప్పి కాదు, మెటీరియల్ టెస్ట్ సర్టిఫికెట్ లేక. ఉక్కు ప్లేటు మీద ఒక మూల హీట్ నంబరు ముద్రించి ఉంటుంది. ఆ ప్లేటు ఏ కరుగులోంచి వచ్చిందో చెప్పేది అదే. సర్టిఫికెట్లో ఉన్న కార్బన్, మాంగనీస్, బలం లెక్కలన్నీ ఆ నంబరుకే కట్టి ఉంటాయి. మన కుర్రాళ్ళు గ్యాస్ కటింగ్‌కి మూల నుంచే మొదలుపెడతారు. నంబరున్న ముక్క తుక్కులోకి పోతుంది. మిగిలిన ప్లేటు ఎంత మంచిదైనా అది ఎవరిదో చెప్పే సాక్ష్యం ఉండదు. అందుకని కట్టరు వెలిగించకముందే, కోసే ప్రతి ముక్క మీదా ఆ నంబరుని అక్షర పంచ్‌తో కొట్టించు. కొట్టాక తనిఖీ అధికారిని పిలిచి చూపించి సంతకం తీసుకో. ఆ తర్వాత కోయి.